పిలిస్తే పలికే పిల్ల

పిచ్చుకకి ఆ పేరు పెట్టింది పెద్దమేడమే. నర్సింగ్ కాలేజీలో చేరిన కొత్తల్లో వెనక బెంచీలో కూర్చుని పక్కమ్మాయి చెవిలో కిచకిచలాడుతూ ఉంటే, పెద్దమేడం పాఠం ఆపి, "ఆ పిచ్చుకని ముందు బెంచీకి తెచ్చి కూర్చోబెట్టండి, గింజలు నేనే వేస్తాను" అంది. క్లాసంతా నవ్వింది. ఆ రోజు నుంచి ఆమె అసలు పేరు హాజరుపట్టీకే పరిమితమైపోయింది. మనిషి కూడా పేరుకి తగ్గట్టే చిన్నది. కాళ్ళలో స్ప్రింగులున్నట్టు ఒకచోట నిలిచేది కాదు. రోగి మంచం దగ్గరికి వెళ్తే మాత్రం ఎక్కడలేని కుదురూ వచ్చేది. శిక్షణకి వెళ్ళిన వార్డుల్లో ముసలివాళ్ళు ఆ చిన్నమ్మాయినే పంపమని అడిగి మరీ సూది వేయించుకునేవాళ్ళు.

పెద్దమేడమంటే కాలేజీలో అందరికీ హడలు. వరండాలో ఆవిడ చెప్పుల చప్పుడు కంటే ముందు నిశ్శబ్దం వచ్చేది. ఎన్ని పాఠాలు చెప్పినా చివరికి ఒక్క మాట దగ్గరికే వచ్చేది. రోగి రెండోసారి పిలవాల్సి వచ్చిందంటే అక్కడ నర్సు లేనట్టే లెక్క, అనేది. కాలేజీలో పిల్లల్ని చేర్చుకునే రోజుల్లో ఆవిడే ఇల్లిల్లూ తిరిగి తల్లిదండ్రులతో మాట్లాడేది. పిచ్చుక వాళ్ళ నాన్న టైలరు. మెడలో టేపు వేసుకుని నిలబడే ఆవిడ మాటలు విన్నాడు. నర్సు చదువు చదివిన పిల్ల ఖాళీగా ఉండదని, ఉద్యోగమే ఇల్లు వెతుక్కుంటూ వస్తుందని ఆవిడ చెప్పింది. ఆయన ఆ మాటని చదువు జరిగినన్నాళ్ళూ షాపుకొచ్చిన ప్రతివాళ్ళకీ కొలతలు తీసుకుంటూ వినిపించాడు.

చదువు అయిపోయింది. ఉద్యోగం ఇల్లు వెతుక్కుంటూ రాలేదు. పిచ్చుకే దాన్ని వెతుక్కుంటూ బయల్దేరింది. ప్రతి ఆసుపత్రిలోనూ అదే వరుస. కుర్చీలు చాలక గోడలకి ఆనుకుని నిలబడ్డ అమ్మాయిలు, చేతుల్లో ఒకే రకం ప్లాస్టిక్ ఫైళ్ళు. లోపలికి పిలిచి, అనుభవం ఉందా అని అడిగేవాళ్ళు. ఉద్యోగం ఇస్తేనే కదండీ అనుభవం వచ్చేది అంటే, అనుభవం ఉంటేనే కదమ్మా ఉద్యోగం ఇచ్చేది అనేవాళ్ళు. పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు, పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు అన్నట్టుంది వ్యవహారం. ఒకచోట జీతం లేకుండా ట్రైనీగా చేరమన్నారు, తర్వాత చూస్తామన్నారు. చేరింది. రెండు వార్డుల మధ్య పరుగులు పెట్టింది. గడువు తీరగానే అక్కడికి కొత్త ట్రైనీలు వచ్చారు, పాతవాళ్ళకి టీ ఇచ్చి పంపించారు.

తోటివాళ్ళూ తలోదిక్కు అయిపోయారు. ఒకతె బట్టల షాపులో మడతలు పెడుతోంది. ఒకతె కంపెనీ ఫోన్లకి జవాబులు చెబుతోంది. వాళ్ళందరిలోకీ పొడుగు ఒక్కతే పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సయింది. తాటిచెట్టంత మనిషి, అందుకే పొడుగు. కాలేజీలో పొడుగూ పిచ్చుకా ఒకే గది, ఒకే దువ్వెన. ఉద్యోగం వచ్చాక పొడుగు చాలాసార్లు ఫోన్ చేసింది. పిచ్చుక ఎత్తలేదు.

నాన్న సాయంత్రాలు మిషను తొక్కుతూ, "ఏమైందమ్మా ఈ రోజు?" అని అడిగేవాడు. కొన్నాళ్ళకి అడగడం మానేశాడు. అడిగినప్పటి కంటే మానేశాక ఆమెకి ఎక్కువ కష్టంగా ఉండేది. షాపులో జనం ఉంటే వెనక గుమ్మం నుంచి ఇంట్లోకి వెళ్ళేది.

చివరికి, ఇళ్ళలో రోగుల్ని చూసుకునే మనుషుల్ని పంపే ఆఫీసు ఒకటుంటే అక్కడికి వెళ్ళింది. అక్కడి మేనేజరు ఆమె ఫైలు తెరవనే లేదు. నర్సునని ఎవరితోనూ అనవద్దన్నాడు. నర్సంటే జీతం ఎక్కువ అడుగుతుందని ఇళ్ళవాళ్ళు బెదిరిపోతారు, ఆయా అని చెప్పి పంపిస్తాను, ఇష్టమైతే చెప్పు అన్నాడు. ఆమె తలూపింది. ఇంటికెళ్ళి మాత్రం ఆసుపత్రిలో దొరికిందని చెప్పింది. నాన్న మిషను ఆపి, షాపులో ఉన్న వాళ్ళందరికీ టీ చెప్పాడు. ఆమె తన టీ గ్లాసు మిషను మీద పెట్టి ఇంట్లోకి వెళ్ళిపోయింది.

పంపించిన ఇల్లు ఒక మేడ మీద ఉంది. తలుపు తీసింది ఆ ఇంటి కోడలు, ఉద్యోగానికి బయల్దేరే హడావిడిలో ఉంది. అత్తగారికి పక్షవాతం వచ్చిందని, మాట సరిగ్గా రాదని, ఇదివరకటి ఆయా రోజంతా ఫోన్ చూసుకుంటూ కూర్చునేదని నడుస్తూనే చెప్పి, గది తలుపు తోసింది.

మంచం మీద పెద్దమేడం ఉంది.

నోరు ఒక పక్కకి లాగేసింది. కుడిచెయ్యి ఎవరిదో తెచ్చి దిండు మీద పెట్టినట్టుంది. కళ్ళు మాత్రం అవే. ఆ కళ్ళు పిచ్చుక ముఖం మీద ఆగి, భుజానికున్న సంచీ మీదకి, కాళ్ళ మీదకి దిగి, మళ్ళీ ముఖం దగ్గరకొచ్చాయి. నోట్లోంచి ఏదో ముద్దగా వచ్చింది. "ఏదో అంటుంది, మాకు సగం అర్థం కాదు" అంది కోడలు. పిచ్చుకకి అర్థమైంది. ఆవిడ పిలిచింది పిచ్చుకా అనే. వచ్చిన మెట్లమీదుగానే దిగి పారిపోదామనిపించింది ఆమెకి. కాని సంచీ దించి గోడ పక్కన పెట్టింది. ఒకరికొకరు తెలుసునని ఇద్దరిలో ఎవరూ కోడలితో చెప్పలేదు.

కోడలు వెళ్ళిపోయాక పిచ్చుక వేడినీళ్ళూ తువ్వాళ్ళూ తెచ్చి మంచం పక్కన పెట్టింది. పెద్దమేడం కళ్ళు మూసుకుంది.

"నువ్వొద్దు. ఇంకెవరినైనా పంపమను." ఒక్కో మాటా రాయిని దొర్లించినట్టు వచ్చింది.

"ఇంకెవరొచ్చినా మిమ్మల్ని సరిగ్గా తిప్పరు మేడం. ఒరుసుకుపోతుంది."

పిచ్చుక తలుపు వేసింది. కాలేజీలో ఆవిడే నేర్పినట్టు, ముట్టుకునే ముందు ఎక్కడ ముట్టుకుంటోందో చెప్పి ముట్టుకుంది. తుడిచే చోటు తప్ప మిగతా ఒళ్ళంతా కప్పే ఉంచింది. వీపు కింద ఒక పుండు మొదలై ఉంది. పాత ఆయా చూసి ఉండదు, చూసినా చెప్పి ఉండదు. ఆ పని సాగినంతసేపూ పెద్దమేడం కళ్ళు తెరవలేదు. మూసిన రెప్పల కింద నుంచి నీళ్ళు చెవి మీదకి జారుతుంటే పిచ్చుక వాటిని కూడా అదే తువ్వాలుతో, ఒంటి తడి తుడిచినట్టే తుడిచేసింది.

అంతా అయ్యాక పెద్దమేడం అడిగింది. "నేనిలా ఉన్నానని కాలేజీలో ఎవరికీ చెప్పకు."

"మీరూ చెప్పకండి మేడం, నేనిలా ఉన్నానని."

ఆవిడ నోటి మంచివైపు కొద్దిగా కదిలింది. నవ్వో ఏడుపో తెలియలేదు. ఒప్పందం మాత్రం కుదిరింది.

అక్కడ పని కుదురుకుంది. పుండు మానింది. జావ తాగించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం వంచి, ఒక చెంచా మింగాకే ఇంకో చెంచా పెట్టడంతో పెద్దమేడానికి పొలమారడం తగ్గింది. మాట ఎంత ముద్దగా వచ్చినా పిచ్చుకకి తెలిసిపోయేది. పిలవడానికి గొంతు చాలదు కనుక, ఆవిడ ఎడమచేతికి అందేలా ఒక స్టీలు గ్లాసు, చెంచా పెట్టింది. ఆవిడ చెంచాతో కొడితే పిచ్చుక ఏ గదిలో ఉన్నా పరిగెత్తుకొచ్చేది. మధ్యాహ్నాలు పెద్దమేడం తన పాత విద్యార్థినుల గురించి అడిగేది. ఫలానా అమ్మాయి ఎక్కడ చేస్తోంది? బట్టల షాపులో మేడం. గిరజాల జుట్టు పిల్ల? ఇంట్లోనే ఉంది మేడం. మొదటి మార్కు తెచ్చుకున్న అమ్మాయి? పిల్లలకి ట్యూషన్లు చెబుతోంది మేడం. కొన్నాళ్ళు ఇలా సాగాక ఒక మధ్యాహ్నం ఆవిడ ఇంకో పేరు ఎత్తబోయి, సగంలో ఆపేసి, గోడవైపు చూస్తూ పడుకుంది. మళ్ళీ ఎవరి గురించీ అడగలేదు.

ఇంటి దగ్గర నాన్న అడిగేవాడు, మగవాళ్ళ వార్డా, ఆడవాళ్ళ వార్డా అని. ఆడవాళ్ళదే అనేది ఆమె. ఎంతమందికి ఒక నర్సు అనేవాడు. అదృష్టం బాగుంది, తక్కువమందే అనేది. ఒక అబద్ధంతో గోడ కడితే పైకప్పుకి ఇంకోటి కావాల్సి వచ్చేది.

ఒక సెలవు రోజు, కోడలు ఇంట్లోనే ఉంది. పిచ్చుక బాల్కనీలో బట్టలు ఆరేస్తూ కిందకి చూసింది. వీధి మలుపు తిరిగి పొడుగు వస్తోంది. అంత ఎత్తు మనిషిని ఎంత దూరాన్నుంచైనా పోల్చుకోవచ్చు. పక్కన ఇంకో ఇద్దరమ్మాయిలు, ముగ్గురూ డ్యూటీ దిగి వస్తున్నట్టు తెల్లబట్టల్లోనే ఉన్నారు. పొడుగు చేతిలో పళ్ళ సంచీ ఉంది, తలెత్తి ఇళ్ళ నంబర్లు చూస్తోంది. పెద్దమేడాన్ని మొదట్లో ఆ పెద్దాసుపత్రిలోనే చూపించారు. ఎవరో చెప్పి ఉంటారు.

పిచ్చుక గదిలోకి పరిగెత్తింది. "మేడం, పొడుగు వస్తోంది. నేను వెనక ఉంటాను. నేనున్నట్టు..." అని ఆగిపోయింది.

పెద్దమేడం ఆమె వంక ఒక్క క్షణం చూసి, సరేనన్నట్టు తల ఆడించింది.

వంటింటి వెనక బట్టలుతికే చోటుంది. పిచ్చుక అక్కడికెళ్ళి బకెట్టులో దుప్పట్లు పడేసి కుళాయి తిప్పింది. నీళ్ళ చప్పుడులోంచే లోపలి మాటలు వినిపించాయి. పొడుగు గొంతు ఏమీ మారలేదు. తన వార్డు కబుర్లు చెబుతోంది. మందుల ట్రాలీకి చక్రం ఊడిపోతే దాన్ని పసిబిడ్డలా చంకనేసుకుని తిరిగిన సంగతి చెబుతోంది. అంతా నవ్వారు. పిచ్చుక పెదాలు కూడా నవ్వబోయాయి.

అప్పుడు గ్లాసు మీద చెంచా మోగింది.

మెల్లగా మోగింది. లోపల ఉన్నవాళ్ళకి అదేమిటో తెలియలేదు. నీళ్ళు కావాలా అత్తయ్యా అని కోడలు అడగడం వినిపించింది. నీళ్ళు కాదని పిచ్చుకకి తెలుసు. పొద్దున వేసిన మాత్రకి ఆ వేళకి బెడ్ పాన్ పెట్టాలి. ఆ పిలుపు ఆగేది కాదు. తడిచేతులు ఒంటి మీది ఆయా గౌనుకి తుడుచుకుని గుమ్మం దాకా వచ్చింది. గుమ్మంలోంచి పొడుగు తెల్లటి భుజం కనిపించింది. నర్సుల కోసం కుట్టించిన ఆ తెలుపు పక్కన ఆయాగా, చేతిలో బెడ్ పాన్‌తో నిలబడాలి. నువ్వా అంటుంది పొడుగు. ఆ ఒక్క మాట తలచుకోగానే పిచ్చుక అడుగు వెనక్కి పడింది. వెళ్ళి కుళాయి ఇంకా పెద్దగా తిప్పింది.

చెంచా రెండోసారి మోగింది. గట్టిగా మోగింది.

మూడోసారి మోగలేదు.

కాసేపటికి మాటలు ఆగిపోయాయి. కుర్చీ జరిగిన చప్పుడు. "అయ్యో అత్తయ్యా, చెప్పచ్చు కదా" అని కోడలి గొంతు, చిరాకూ సిగ్గూ కలిసి. అమ్మాయ్, అమ్మాయ్ అని వరసగా పిలిచింది. పిచ్చుక దుప్పటి అంచు గుప్పెట్లో పట్టుకుని అలాగే నిలబడింది. పొడుగు ఏదో నెమ్మదిగా చెప్పి తక్కినవాళ్ళని హాల్లోకి పంపించేసింది. పొడి దుప్పటి ఎక్కడుందో కనుక్కుని బట్టలుతికే చోటుకి వచ్చింది.

ఇద్దరూ ఎదురుపడ్డారు. పొడుగు ముఖంలో ఆశ్చర్యం వచ్చి, వెంటనే పోయింది. పొంగిపోతున్న బకెట్టు చూసింది, పిచ్చుక చేతులు చూసింది. చెయ్యి చాచి కుళాయి కట్టేసింది.

"పొడి దుప్పటి ఏది?"

పిచ్చుక అక్కడి తీగ మీద ఆరిన దుప్పటి తీసి ఇచ్చింది.

"పద. ఇద్దరమైతే ఆవిడకి నొప్పి లేకుండా అయిపోతుంది."

పిచ్చుక తల అడ్డంగా ఊపింది. పొడుగు ఇంకో క్షణం చూసి, దుప్పటి చంకలో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాతంతా పిచ్చుక విన్నది. తలుపు వేసిన చప్పుడు. "మేడం, మోకాలు మడుస్తున్నాను. ఇప్పుడు మీ చెయ్యి నా మెడ చుట్టూ వేస్తాను. ఇటు తిరుగుదాం." ఒక్క తొందర మాట లేదు. తను రోజూ చేసే పని, తను చేసినట్టే, ఇంకో మనిషి చేస్తుంటే గోడకి ఇవతల నిలబడి వినడం ఎలా ఉంటుందో ఆమెకి ఆ రోజు తెలిసింది.

వాళ్ళు వెళ్ళిపోయాక కోడలు మండిపడింది. ఇంతమంది ముందు పరువు తీశావంది, చెవుల్లో ఏం పెట్టుకున్నావంది. వినపడలేదండీ అంది పిచ్చుక నేలచూపులు చూస్తూ. మంచం మీద నుంచి పెద్దమేడం ఏదో అంది. కోడలు ఏమంటోందని అడిగింది. పిచ్చుకే చెప్పాల్సి వచ్చింది.

"నీళ్ళ చప్పుడులో వినపడి ఉండదులే అంటున్నారు."

కోడలు గొణుక్కుంటూ వెళ్ళిపోయింది. పిచ్చుక మంచం పక్కన నిలబడింది. దుప్పటి ఎక్కడా ముడత లేదు, దిండు సరిగ్గా ఉంది, చెయ్యడానికి ఏమీ మిగల్లేదు.

"పొడుగు బాగా చేసింది," అంది పెద్దమేడం. "నీ చెయ్యి ఇంకా మెత్తన."

తిట్టి ఉంటే బాగుండేది. కాలేజీలోలాగా క్లాసు బయట నిలబెట్టి ఉంటే ఇంకా బాగుండేది.

ఆ సాయంత్రం పిచ్చుక వెనక గుమ్మం సంగతి మర్చిపోయి షాపులోంచే ఇంట్లోకి వెళ్ళబోయింది. ఒకాయన ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి వచ్చి ఉన్నాడు. తల్లి మంచాన పడిందని, నమ్మకమైన ఆయా ఎక్కడైనా దొరుకుతుందేమోనని నాన్నని అడుగుతున్నాడు. కూతుర్ని చూడగానే నాన్న ముఖం వెలిగింది. ఇదిగో మా అమ్మాయి, ఆసుపత్రిలో నర్సు అన్నాడు. ఆయాల సంగతి దానికేం తెలుస్తుందిలెండి, దాని స్థాయి వేరు అని నవ్వాడు.

"నేను చేసేది ఆ పనే నాన్నా," అంది పిచ్చుక.

నాన్నకి అర్థం కాలేదు. ఏ పని అన్నాడు.

"ఒకావిడ ఇంట్లో ఆయాగా ఉన్నాను. మొదట్నుంచీ అంతే. ఆసుపత్రి లేదు."

ఆ వచ్చినాయన ప్యాంటు తర్వాత తీసుకుంటానని వెళ్ళిపోయాడు. నాన్న కత్తెర కింద పెట్టి, మళ్ళీ తీసుకుని, కత్తిరించాల్సింది ఏమీ లేకపోయినా ఒక గుడ్డపీలికని అంచు నుంచి అంచుకి కత్తిరించాడు. అమ్మే ఇంట్లోంచి వచ్చి అడిగింది, స్నానాలూ అవీ కూడా నువ్వే చేయిస్తావా అని.

"నర్సయినా అవే చేస్తానమ్మా."

"అక్కడ చేస్తే ఉద్యోగం అంటారే. ఇక్కడ చేస్తే పనిమనిషి అంటారు." అమ్మ కోపంగా అనలేదు. వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

మర్నాడు పొద్దున పిచ్చుక బయల్దేరుతుంటే షాపులో ఎవరో నాన్నని అడిగారు, అమ్మాయి డ్యూటీకా అని. "ఆసుపత్రికే" అన్నాడు నాన్న, తల ఎత్తకుండా. తను ఆడిన అబద్ధం ఇప్పుడు ఆయన మోస్తున్నాడు. ఆమెకి తన అబద్ధం కంటే అది బరువనిపించింది.

పెద్దమేడం ఇంట్లో ఆ విషయం మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. కాని పిచ్చుక గమనించింది. పెద్దమేడం ఇప్పుడు చెంచా ముందుగానే మోగిస్తోంది, ఒక్కోసారి అవసరం లేకపోయినా. వస్తుందో రాదో చూసుకుంటున్నట్టు. వచ్చిన ప్రతిసారీ పిచ్చుక చెవులు కాలిపోయేవి.

ఒక రోజు పెద్దమేడం ఫోన్ అడిగింది. ఒక ఆసుపత్రిలో నర్సింగ్ సూపరింటెండెంట్ ఒకప్పుడు ఆవిడ విద్యార్థిని. ఎవరి కోసమూ ఎవరినీ అడగని మనిషి, ఆ నంబరు కలిపించుకుని, ఎడమచేత్తో ఫోన్ చెవికి పెట్టుకుంది. గొంతు సవరించుకుని తన పేరు చెప్పింది. అవతల నుంచి ఎవరు, ఎవరు అని వినిపించింది. ఆవిడ మళ్ళీ చెప్పింది, ఇంకా గట్టిగా. తాగి ఫోన్ చేశారేమో అని అవతల ఎవరితోనో అంటూ పెట్టేశారు. పెద్దమేడం ఫోన్‌ని దుప్పటి మీద పెట్టింది. వరండాలన్నిటినీ హడలెత్తించిన గొంతు అది. ఆవిడ మెడ దాకా ఎర్రబడింది.

పిచ్చుక ఫోన్ తీసుకుని మళ్ళీ కలిపింది. ఫలానా పెద్దమేడం ఇంటి నుంచి మాట్లాడుతున్నానని, మేడానికి పక్షవాతం వచ్చి మాట స్పష్టంగా లేదని, ఆవిడ చెప్పింది తను చెబుతానని అంది. అవతల గొంతు ఒక్కసారిగా మారిపోయింది, నాకు తెలియదమ్మా, నాకెవరూ చెప్పలేదు అంది. పెద్దమేడం చెప్పడం మొదలుపెట్టింది, పిచ్చుక ఒక్కో మాటా అందించింది. నా దగ్గర ఒకమ్మాయి ఉంది అంటున్నారండీ. నర్సింగ్ పాసయింది అంటున్నారు. నా పుండు మాన్పింది, నాకు మళ్ళీ మింగడం నేర్పింది అంటున్నారు. తన గురించి తనే చెప్పుకోవాల్సి రావడంతో పిచ్చుక గొంతు సన్నబడిపోయింది.

పెద్దమేడం ఇంకో మాట అంది. పిలిస్తే పలికే పిల్ల అని చెప్పు.

పిచ్చుక చెప్పలేదు. అవతల నుంచి హలో, హలో అంటున్నారు. పెద్దమేడం ఎడమచేత్తో ఆమె మోచేతిని తట్టి, చెప్పు అంది.

"మేడం నా గురించి ఒక మంచిమాట అన్నారండీ," అంది పిచ్చుక ఫోన్లో. "అది నేను చెప్పలేను. ఒకసారి ఆవిడ పిలిస్తే నేను పలకలేదు. విని కూడా వెళ్ళలేదు."

పెద్దమేడం చెయ్యి ఆమె మోచేతి మీద నుంచి తియ్యలేదు. తర్వాత సూపరింటెండెంట్ ఇంటి అడ్రసు మాత్రం అడిగి పెట్టేసింది.

ఆ ఆదివారం ఆవిడ వచ్చింది. ఈసారి పిచ్చుక గదిలోనే ఉంది, జావ తాగిస్తోంది. సూపరింటెండెంట్ చాలాసేపు పెద్దమేడం చెయ్యి పట్టుకుని కూర్చుంది. లేచి వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర పిచ్చుకని ఆపింది. ఆ రోజు ఎందుకు పలకలేదని అడిగింది.

"సిగ్గుపడ్డానండీ. నా తోటివాళ్ళ ముందు ఆయాగా కనిపించడానికి."

"ఇప్పుడు?"

"ఇప్పుడూ పడుతున్నాను. దానికి కాదు, రాకుండా నిలబడ్డందుకు."

పోస్టులేమీ లేవంది సూపరింటెండెంట్. ఉన్న నర్సులకే పని మూడింతలు, కొత్తవాళ్ళని తీసుకోమంటే పైవాళ్ళు వినరు అంది. రోగులకి కొరత లేదు, నర్సులకీ కొరత లేదమ్మా, మధ్యలో జీతమిచ్చేవాళ్ళకే కొరత అంది. ఆశ పెట్టకుండా వెళ్ళిపోయింది. పిచ్చుకకి అది నచ్చింది.

ఆ సాయంత్రం పొడుగుకి తనే ఫోన్ చేసింది. ఏం చెప్పాలో తెలియక, ఆ రోజు దుప్పటి బాగా వేశావే అంది. "నువ్వు నేర్పిందేగా మొద్దూ" అంది పొడుగు. ఆ తర్వాత పొడుగు సెలవు దొరికినప్పుడల్లా రావడం మొదలుపెట్టింది.

చాలా నెలల తర్వాత సూపరింటెండెంట్ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ఒక నర్సు కాన్పు సెలవు మీద వెళ్తోంది, ఆవిడ వచ్చేదాకా ఆ చోటు ఖాళీ. పిచ్చుక కొత్త ఆయాని తనే వెతికి, మేడాన్ని ఎలా తిప్పాలో, జావ ఎలా పెట్టాలో దగ్గరుండి నేర్పించింది. నేర్పుతుంటే పెద్దమేడం మంచం మీద నుంచి ఇద్దర్నీ తప్పులు పట్టింది. చివరి రోజు, సంచీ భుజానికి తగిలించుకున్నాక పిచ్చుక మంచం దగ్గరకొచ్చింది.

"మేడం, ఆ రోజు నేను..."

"ఊరుకో," అంది పెద్దమేడం. "నువ్వు మొదలుపెడితే నేనూ చెప్పాల్సి వస్తుంది. మీ ఇంటికొచ్చి మీ నాన్నతో ఏం చెప్పానో నాకు గుర్తుంది. అప్పటికే ఉద్యోగాలు లేవు. నాకు తెలుసు."

పిచ్చుక ఆవిడ ముఖంలోకి చూసింది. ఆవిడ చూపు తిప్పుకోలేదు.

కొత్త పనికి వెళ్ళే రోజు నాన్న షాపు తెరవకుండా ఆమె వెంట వచ్చాడు. ఆసుపత్రి గేటు దాకా మాటల్లేకుండానే నడిచాడు. అక్కడ ఆగి, మేడని పైనుంచి కింద దాకా చూశాడు, కొలతలు తీసుకుంటున్నట్టు.

"ఈ ఖాళీ ఎన్నాళ్ళు?"

"ఆవిడ సెలవు అయ్యేదాకా నాన్నా."

"తర్వాత?"

"తర్వాత మళ్ళీ ఎవరింట్లోనో."

మెడలో టేపు లేకపోవడంతో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాన్నకి తెలియలేదు.

"అప్పుడు ఎవరైనా అడిగితే ఉన్నదే చెప్తాలే," అన్నాడు. "వెళ్ళు, ఆలస్యమవుతుంది."

ఆమె లోపలికి వెళ్ళింది.